నుదుటి ఎముకలో హెమాంజియోమా: తీయించాలా, ఆగాలా?

చిరుగాలి:
అమ్మకు 48 ఏళ్లు. నుదుటి మీద గట్టి బుడిపె. నొప్పి లేదు, మెల్లగా పెరుగుతోంది. సీటీలో ఎముక లోపల తేనెపట్టులా కనబడిందట. రిపోర్టులో "హెమాంజియోమా కావచ్చు" అని రాశారు. ఒక సర్జన్ తీసేద్దాం అన్నారు, ఇంకొకరు ఆగుదాం అన్నారు. ఎవరి మాట వినాలి?

నిదానం:
ఆగండి. ఎముకలో రక్తనాళాలు గుంపు కట్టిన గడ్డ అది, క్యాన్సర్ కాదు. అప్పుడప్పుడు స్కాన్ తీయించి చూసుకుంటే సరిపోతుంది. దానికి తల కోయించుకోవడమేంటి?

తూనీగ:
"కావచ్చు" అన్నది కనబడలేదా నిదానం గారూ? ఆస్టియోమా (క్యాన్సర్ కాని గట్టి ఎముక గడ్డ) అయితే సీటీలో చిక్కగా తెల్లగా ఉంటుంది, ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (ఎముక బదులు నారలాంటి కణజాలం పెరిగే జబ్బు) మసక అద్దంలా ఉంటుంది. హెమాంజియోమాకు తేనెపట్టు గుర్తే గానీ ప్రతిసారీ అంత స్పష్టంగా కనబడదు. వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్, మైలోమా (ఎముక మజ్జలో పుట్టే రక్త క్యాన్సర్) కూడా పుర్రెను తినేస్తాయి. పేరు ఖాయం చేసేది పెథాలజీ రిపోర్టే, అంటే తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చేది.

దారినపోయేవాడు:
సూదితో చిన్న ముక్క తీసి చూస్తే పోలా?

తూనీగ:
హెమాంజియోమా అయితే రక్తం బాగా పోవచ్చు, అందుకే చాలామంది సర్జన్లు వెనకాడతారు. దాని బదులు బుడిపెనే చుట్టూ కాస్త మంచి ఎముకతో సహా ఒకే ముక్కగా తీస్తారు. గీకి తీస్తే రక్తం పోతుంది, కొంత మిగిలితే మళ్లీ పెరుగుతుంది. ఆ ఖాళీని టైటానియం మెష్‌తోనో (లోహపు వల) బోన్ సిమెంట్‌తోనో పూడుస్తారు.

నిదానం:
ఆ మెష్ సంగతి నన్నడగండి! మా ఆవిడకు ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ కోసి తీశారు. ఆమెది ఆస్టియోమా, ఏళ్ల తరబడి పెరగనే లేదు.

తూనీగ:
ఇది పెరుగుతోందని చిరుగాలి మొదట్లోనే రాశారు. చదవకుండా సలహాలా?

నిదానం:
చదివాను. తమరు డాక్టరా?

తూనీగ:
కాదండీ. "ఏం కాదు, ఆగు" అంటే నమ్మి ఆగినదాన్ని. నా బుడిపె కంటిగూడు కప్పు దాకా వచ్చాక తీశారు. చిన్నగా ఉన్నప్పుడే తీస్తే ఇంత ఎముక పోయేది కాదు.

దారినపోయేవాడు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

నిదానం:
మీకు నవ్వులాటగా ఉంది. ఆగే వీలుందని మాకు ఒక్కరూ చెప్పలేదు, సంతకాలు మాత్రం పెట్టించుకున్నారు. నా కోపమంతా అక్కడే. వీళ్లకైనా ముందే తెలియాలనే రాస్తున్నా.

తూనీగ:
అలా చెప్పండి మరి, తీయొద్దు అని తీర్పిస్తారేం?

చిరుగాలి:
లోపలివైపు మెదడు పొర దాకా వచ్చిందేమో చూడటానికి ఎమ్మారై రాశారు. బుడిపె కన్నా ఆ "కావచ్చు"తోనే అమ్మకు టెన్షన్.

తూనీగ:
ఎమ్మారై కూడా పేరు ఖాయం చేయదు.

నిదానం:
మళ్లీ మొదలు.