హైస్కూల్ మధ్యలో మానేసిన మేనల్లుడు: ట్రైనింగ్, ఉద్యోగం కోసం ఎక్కడికి వెళ్ళాలి?

మేనమామ75:
మా అక్క కొడుకు. 19 నిండాయి. తొమ్మిదిలో ఉండగా ఇండియా నుంచి వచ్చాడు, పదకొండులో బడి మానేశాడు. గ్రీన్ కార్డు ఉంది. ఏడాదిగా ఇంట్లోనే. రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. పాత గేమ్ కంట్రోలర్లు కొని, బాగుచేసి అమ్ముతుంటాడు, అదొక్కటే పని. బావకి ఐటీలో మంచి జీతం. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఇక్కడ టెక్సాస్‌లో వర్క్‌ఫోర్స్ ప్రోగ్రాములు ఉంటాయని విని, పోయిన వారం వాణ్ణి ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గర ఆవిడ "ఇంట్లో సంపాదనెంత?" అని అడిగింది. చెప్పగానే మీకు రాదని పంపించేసింది. కారెక్కాక వాడు "చెప్పాగా మావయ్యా" అన్నాడు. అంతే, ఇల్లు చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

కమ్యూనిటీ కాలేజీలో ఏదో ఒక కోర్సులో చేర్పించేద్దామని సోమవారం ఫీజు కట్టబోతున్నాడు బావ. వేరే దారేమైనా ఉందా?

యూత్‌డెస్క్:
అన్నా, ముందు ఆ ఫీజు ఆపించండి. ఎందుకో చెప్తాను.

నేను వేరే రాష్ట్రంలో ఇదే పని చేస్తాను, యూత్ కేస్ మేనేజర్‌ని. మీరు వెళ్ళిన ప్రోగ్రాం 2014లో వచ్చిన ఫెడరల్ చట్టం కింద నడుస్తుంది, డబ్ల్యూఐఓఏ అంటారు. అందులో "అవుట్ ఆఫ్ స్కూల్ యూత్" అని ఒక విభాగం ఉంది, 16 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి. హైస్కూల్ డిప్లొమా (పన్నెండో తరగతి పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్) లేకుండా బడి మానేస్తే చాలు, ఆ ఒక్క కారణంతోనే అర్హత వస్తుంది. ఇంటి ఆదాయంతో పనిలేదు. ఆదాయం చూసేది ఇంకా చదువుకుంటున్న పిల్లలకి, డిప్లొమా ఉండి కూడా చదవడంలోనో లెక్కల్లోనో బాగా వెనకబడ్డవాళ్ళకి, ఇంకా అలాంటి ఒకట్రెండు రకాలకి. కౌంటర్లో వాళ్ళు పొద్దుటినుంచీ పెద్దవాళ్ళ కేసులే చూస్తుంటారు, నోటికి ఆ ప్రశ్నే వస్తుంది. "యూత్ ప్రోగ్రాం ఎవరు నడుపుతున్నారు?" అని అడగండి. చాలా చోట్ల అది వేరే కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది, ఆఫీసు కూడా వేరే.

ఇక కాలేజీ సంగతి. ప్రోగ్రాంలో పేరు ఎక్కే రోజున వాడు బడిలో ఉన్నాడా లేడా అన్నదే లెక్క. కాలేజీలో క్రెడిట్ కోర్సులో చేరి వచ్చాడంటే "ఇన్ స్కూల్" అవుతాడు, అప్పుడు మీ బావ జీతం అడ్డం పడుతుంది. ముందు ఇక్కడ పేరెక్కి తర్వాత కాలేజీలో చేరినా ఆ హోదా మారదు. ఒక్క వారం అటూ ఇటూ అయి చేయిజారిన కేసులు నేనే చూశాను. అడల్ట్ ఎడ్యుకేషన్ వాళ్ళ జీఈడీ (హైస్కూల్ డిప్లొమాకి బదులుగా రాసే పరీక్ష) క్లాసులకి వెళ్తే మాత్రం బడిలో ఉన్నట్టు కాదు, ధైర్యంగా వెళ్ళమనండి.

చట్టం ప్రకారం మామూలుగా యూత్ నిధుల్లో కనీసం 75 శాతం ఇలా బడి బయట ఉన్నవాళ్ళ మీదే ఖర్చుపెట్టాలి, కనీసం 20 శాతం పని అనుభవానికి పోవాలి. అంటే ఏ చిన్న రిపేర్ షాపులోనో వాణ్ణి కొన్ని వారాలు పనికి పెడితే జీతం ప్రోగ్రామే ఇవ్వొచ్చు, ఓనరుకి భారం ఉండదు. అయితే ఇది అడిగినవాళ్ళందరికీ ఇచ్చి తీరాల్సింది కాదు, డబ్బు అయిపోతే వెయిటింగే. కొత్త ప్రోగ్రాం సంవత్సరం జులై 1న మొదలైంది కాబట్టి మీరు మంచి సమయంలోనే అడుగుతున్నారు.

తీసుకెళ్ళాల్సినవి: గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, అడ్రసు ప్రూఫ్. మగపిల్లాడు, 18 దాటాడు కాబట్టి సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యానికి పిలవడానికి ప్రభుత్వం ఉంచే పేర్ల జాబితా) రిజిస్ట్రేషన్ కూడా చూస్తారు. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, ఈ రాత్రే చేయించేయండి.

ఇంకోటి, ఫోన్ వాడే చెయ్యాలి. మా దగ్గరికి అమ్మలు, నాన్నలు, మేనమామలు ఫోన్ చేసి పిల్లాడి పేరు రాయిస్తారు. మేం పిల్లాడికి చేస్తే వాయిస్‌మెయిల్ నిండిపోయి ఉంటుంది. పోయినేడు ఒకబ్బాయి హుడీ ముఖం మీదికి లాక్కుని నలభై నిమిషాలు కూర్చున్నాడు, అడిగినవాటన్నిటికీ "తెలీదు" ఒక్కటే జవాబు. నా టేబుల్ ఫ్యాన్ గరగరమంటోంది. లేచి వెనక మూత తీసి, జుట్టు చిక్కుకుందని చూపించాడు. ఆ రోజు మా ఫారంలో నేను నింపగలిగిన గడి అదొక్కటే. మీవాడు కంట్రోలర్లు బాగుచేస్తాడన్నారుగా, రెండు జేబులో వేసుకుని వెళ్ళమనండి.

డక్ట్‌వర్క్:
నేను ఇలా వచ్చినవాణ్ణే, యూత్‌డెస్క్ అక్క చెప్పింది నిజం. ఇప్పుడు ఏసీ పనిలో ఉన్నాను. జీఈడీలో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 145 రావాలి. మూడు ఒక దెబ్బకి పాసయ్యాను. లెక్కలు రెండుసార్లు పోయింది, భిన్నాల దగ్గరే. పనికి పెట్టిన షాపులో పెద్దాయన కొలత టేపు చేతికిచ్చి, ఐదు బై పదహారు ఎక్కడుందో గోటితో గీయమన్నాడు. రోజుకి ఇరవైసార్లు గీయించాడు. మూడోసారి పాస్. ట్రైనింగ్‌కి బూట్లు, మీటరు కూడా ప్రోగ్రాం వాళ్ళే కొన్నారు. అడిగితేనే ఇస్తారు, అడగమనండి.

హెచ్4అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి 18, హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉంది. తనకి వస్తుందా?

యూత్‌డెస్క్:
పని చేసే అనుమతి లేకుండా కుదరదండీ. ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) ఎప్పుడైనా వస్తే అప్పుడు అడగండి. అప్పటిదాకా అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులు ఏమున్నాయో మీ ఊళ్ళో కనుక్కోండి.

మేనమామ75:
బావ ఫీజు ఆపాడు. పూర్తిగా నమ్మలేదు గానీ ఆపాడు. ఫోన్ వాడే చేశాడు, స్పీకర్ పెట్టమంటే పెట్టలేదు, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. పదకొండు నిమిషాలు. గురువారం రెండింటికి రమ్మన్నారట. బడి మానేసినట్టు కాగితం అడిగారు, అది మా దగ్గర లేదు, స్కూలేమో సెలవులు. అపాయింట్‌మెంట్ వెనక్కి జరపమందామా?

యూత్‌డెస్క్:
అస్సలొద్దు. ఎప్పుడు మానేశాడో వాడే రాసి సంతకం పెట్టి ఇవ్వొచ్చు, "సెల్ఫ్ అటెస్టేషన్ తీసుకుంటారా?" అని అడగమనండి. ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూలు మార్కుల రికార్డు) తర్వాత తెప్పించుకోవచ్చు. లెక్కలు, ఇంగ్లీషు టెస్ట్ పెట్టే అవకాశముంది, అది ఫెయిల్ చేసేది కాదని ముందే చెప్పండి, లేకపోతే లేచి వచ్చేస్తాడు.

మీరు మాత్రం కార్లోనే కూర్చోండి అన్నా.