కోతకు ముందు పిచికారీ చేస్తే యాపిల్ కాయలు ఎక్కువ కాలం నిల్వ ఉంటాయా?

ప్రశ్న:
మా తోటలో యాపిల్ కాయలు కోసేనాటికి నిగనిగలాడుతూనే ఉంటున్నాయి. అయితే శీతల గిడ్డంగిలో కొన్ని నెలలు ఉంచి బయటకు తీసేసరికి కొన్నింటి అడుగు భాగాన గోధుమరంగు గుంట మచ్చలు కనిపిస్తున్నాయి, మరికొన్ని మెత్తబడి పిండిపిండిగా మారుతున్నాయి. కాల్షియం పిచికారీ చేయమని కొందరు, పండడాన్ని ఆలస్యం చేసే మందు కొట్టమని మరికొందరు చెబుతున్నారు. ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలండీ. మచ్చ ఉన్న చోట తొక్క తీసి చూడండి. కింద కండ బెండులా ఎండి గోధుమరంగులో ఉంటే అది చాలావరకు బిట్టర్ పిట్, అంటే కాయకు కాల్షియం చాలకపోవడం వల్ల వచ్చే లోపం. నేలలో కాల్షియం సమృద్ధిగా ఉన్నా ఇది రావచ్చు. ఎందుకంటే కాల్షియం వేర్ల నుంచి నీటితో పాటు పైకి వెళ్లి ఎక్కువగా ఆకులకే చేరుతుంది, ఆకుల నుంచి తిరిగి కాయలోకి దాదాపు రాదు. అందుకే కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని కాయ మీదే తడి పడేలా, పిందె దశ నుంచి కోత వరకు పలుమార్లు కొట్టాలి. చివరి వారంలో ఒక్కసారి కొట్టి ఫలితం ఆశించకూడదు. మండుటెండలో కొడితే ఆకు అంచులు మాడిపోతాయి. మెగ్నీషియం సల్ఫేట్‌ను అదే ట్యాంకులో కలిపితే జిప్సం అడుగున పేరుకుని నాజిళ్లు మూసుకుపోతాయి. కాపు తక్కువగా ఉండి కాయ బాగా పెరిగిన చెట్లకూ, నత్రజని ఎక్కువ వేసిన తోటలకూ ఈ బెడద మరింత ఎక్కువ కాబట్టి, ఎరువుల సంగతి కూడా చూసుకోండి.

రెండవ సమాధానం:
మెత్తబడడానికి మూలం, కాయలోనే తయారై దానిని పండించే ఇథిలీన్ వాయువు. ఏవీజీ అనే మందు కాయలో ఇథిలీన్ తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుంది; దానిని సాధారణంగా కోతకు సుమారు నాలుగు వారాల ముందు వాడతారు. 1-ఎంసీపీ అనే మరో మందు తీరు వేరు: ఇథిలీన్ వచ్చి చేరే గ్రాహకాలనే అది ఆక్రమిస్తుంది కాబట్టి, ఇథిలీన్ ఉన్నా కాయ దానికి స్పందించదు. దీనిని కోతకు దగ్గరగా చెట్టు మీదా, కోత తర్వాత మూసిన గదిలో వాయు రూపంలోనూ వాడతారు. కాయ రాలకుండా కొట్టే ఎన్ఏఏను మాత్రం వీటితో సమానంగా చూడకండి. అది రాలడాన్ని ఆపినా, పండడాన్ని వేగవంతం చేసి నిల్వ గుణాన్ని తగ్గించే అవకాశం ఉంది.

మూడవ సమాధానం:
పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే, కోత తేదీకే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. చెట్టు మీదే బాగా పండిన కాయను ఏ పిచికారీ కూడా నెలల తరబడి నిలపలేదు. కాయను అడ్డంగా కోసి ఆ ముఖాన్ని అయోడిన్ ద్రావణంలో ముంచితే, పిండిపదార్థం ఉన్నంత మేరా నీలి నలుపుగా మారుతుంది. పండే కొద్దీ గింజల చుట్టూ తెలుపు మొదలై అంచుల వైపు విస్తరిస్తుంది. దీర్ఘకాల నిల్వకు ఉద్దేశించిన కాయను, ఆ తెలుపు ఇంకా లోపలి భాగానికే పరిమితమై ఉండగా కోయాలి.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మాది ఎర్ర రకం. ఏవీజీ వాడితే రంగు ఆలస్యమవుతుందని విన్నాను. రంగు రావడానికి ఇథెఫాన్ అనే మందు కొట్టవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
మీరు విన్నది నిజమే. అయితే ఇథెఫాన్ నుంచి వెలువడేది ఇథిలీనే. రంగు వస్తుంది గానీ కాయ త్వరగా పండి మెత్తబడుతుంది, కనుక వెంటనే అమ్మే కాయలకు తప్ప నిల్వ కాయలకు నేను సిఫారసు చేయను. కొమ్మలు కత్తిరించి కాయకు వెలుగు తగలనివ్వండి, రంగు వచ్చినవాటిని ముందు, మిగిలినవాటిని తర్వాత విడతలుగా కోయండి. ఏ మందైనా మీ దేశంలో యాపిల్‌కు అనుమతి ఉందో లేదో చూసుకుని, మోతాదునూ కోతకు ముందు పాటించవలసిన వ్యవధినీ లేబుల్ ప్రకారమే పాటించండి.