నేను అనేదే లేకపోతే ఈ కడుపుమంట ఎవరిది?

ప్రశ్న: ఆఫీసులో నేను చేసిన పని ఇంకొకరి పేరు మీద పోయిందండి, రెండు రాత్రులు నిద్రలేదు. బౌద్ధంలో ఆత్మ లేదంటారు కదా, మరి ఈ మంట ఎవరికి? నా గురించి నేను ఆలోచించుకుంటే స్వార్థమేనా?

రిప్లై: కాదండి. కోసలరాజు ప్రసేనజిత్తు తన రాణి మల్లికాదేవిని నీకన్నా నీకు ఇష్టమైనవాళ్ళున్నారా అనడిగితే లేరంది, ఆయనదీ అదే మాట. బుద్ధుడికి చెప్తే తిట్టలేదు, ఎవరికి వాళ్ళే ప్రియం కాబట్టి ఇంకొకర్ని హింసించొద్దన్నాడు. నాకు భలే ఇష్టం ఇది.

రిప్లై: మీ మంటకి ఖేమకుడి కథ కరెక్ట్‌గా సరిపోద్ది. కౌశాంబిలో జబ్బుపడి ఉన్న భిక్షువు, పంచస్కంధాల్లో (మనిషంటే శరీరం, అనుభూతి, గుర్తింపు, సంకల్పాలు, ఎరుక అనే ఐదు భాగాలే అంటారు కదా, అవి) దేన్నీ నేను అనుకోను గానీ 'ఉన్నాను' అన్న భావన మాత్రం ఇంకా పోలేదని ఒప్పుకున్నాడు. చౌడుమట్టీ పేడా పెట్టి ఉతికాక బట్ట శుభ్రంగానే ఉంటది కానీ ఆ వాసన మిగులుద్ది చూడండి, అలాగన్నమాట. అంతటి భిక్షువుకే మిగిలింది, రెండు రాత్రులకే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఆ వాసన పోయేదెలా మరి?

రిప్లై: బట్టని సువాసన పెట్టెలో పెడితే పోద్దని ఖేమకుడే అన్నాడు, అంటే స్కంధాలు పుట్టడం పోవడం గమనిస్తూ ఉండటమే. ఈ రాత్రి మంట లేచినప్పుడు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు తగ్గిందో చూడండి చాలు.