క్వీర్ పాడ్‌కాస్ట్ ఏది వినాలంటే 'లాస్ కల్చరిస్టాస్' అంటాను. "అమెరికా కబుర్లు మనకెందుకు" అనేవాళ్లు రండి, మాట్లాడుకుందాం

అమీర్‌పేట్ ఇంటర్‌చేంజ్:

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో లమకాన్ అనే కల్చరల్ సెంటర్‌లో ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు, "అన్నా, మనలాంటివాళ్లు మాట్లాడుకునేది ఏదైనా వినాలని ఉంది, కానీ ఏడుపు మాత్రం వద్దు" అన్నాడు. నేను వెంటనే 'లాస్ కల్చరిస్టాస్' పేరు చెప్పాను. అంతే, సగం మంది నా మీద పడ్డారు. సినిమాతారల సోది అనీ, డబ్బున్నవాళ్ల కాలక్షేపం అనీ, మన కష్టాలు వాళ్లకేం తెలుసనీ. అక్కడ సగంలో ఆగిన మాట ఇక్కడ పూర్తి చేస్తాను.

తెలియనివాళ్ల కోసం. క్వీర్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ అందరికీ కలిపి వాడే మాట. 'లాస్ కల్చరిస్టాస్' 2016లో న్యూయార్క్‌లో మొదలైన పాడ్‌కాస్ట్. నడిపేది మ్యాట్ రోజర్స్, బోవెన్ యాంగ్. ఇద్దరూ గే, ఇద్దరూ కమెడియన్లు. న్యూయార్క్ యూనివర్సిటీలో చదువుకున్న రోజుల నుంచీ ప్రాణస్నేహితులు. బోవెన్ కెమిస్ట్రీ డిగ్రీ చేశాడు, మెడిసిన్‌లోకి వెళ్దామనుకున్నాడు, చివరికి కామెడీలో తేలాడు. 2018లో 'సాటర్డే నైట్ లైవ్' అనే అమెరికా టీవీ కామెడీ షోలో రచయితగా చేరి, మరుసటి ఏడాదికల్లా తెర మీదకి వచ్చాడు. వీళ్ల పాడ్‌కాస్ట్‌లో ఎపిసోడ్‌కి ఒక అతిథి వస్తారు. పాటలు, సినిమాలు, ఎవరు ఏ ఫంక్షన్‌కి ఏం వేసుకొచ్చారు, ఇవే కబుర్లు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటారు, మధ్యలో పాడతారు, ఊపిరాడకుండా నవ్వుతారు.

అతిథి ఎవరైనా వీళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. కల్చర్ అనేది నాకోసమే ఉంది అని నీకు మొట్టమొదట అనిపించింది దేన్ని చూసి? ఆ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు నేను మెట్రోలో ఉన్నాను, ఫోన్ ఆపేశాను. ఎందుకంటే నా జవాబు నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రం, దూరదర్శన్‌లో చిత్రలహరి. మా ముందుగదికీ వంటింటికీ మధ్య ఆకుపచ్చ కర్టెన్ ఒకటి ఉండేది. అందరూ టీవీ ముందు చాప మీద ఉంటే నేను ఆ కర్టెన్ వెనక నిలబడి, దాని అంచే పైటగా వేసుకుని, హీరోయిన్ చేతులు ఎలా తిప్పితే అలా తిప్పేవాణ్ణి. ఆ సంగతి నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చూసినవాళ్లు తిట్టారు, అంతే. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, నీ జీవితంలో ముఖ్యమైన విషయం, రా కూర్చో, చెప్పు అని అడిగినవాళ్లు వీళ్లిద్దరే. నలభైకి దగ్గర పడ్డాక అడిగారు, అదీ వేల మైళ్ల అవతల నుంచి.

అందుకే చెప్తున్నాను. క్వీర్ అన్న మాట మన చెవిన పడేది కోర్టు తీర్పు వచ్చినప్పుడో, ఎవరో చనిపోయినప్పుడో. ఇద్దరు స్నేహితులు గంటన్నర సేపు ఏ వివరణా ఇచ్చుకోకుండా నవ్వుకోవడం కూడా మనకి కావాలి. అది తక్కువ రకం అవసరం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఉప్పల్ డిపో:

అన్నా, నువ్వు మనసుల మాట చెప్పినవ్, కాదనను. నేను కూడా మనసుల మాటనే చెప్తా.

నేను రోజూ కలిసేటోళ్లల్ల ఎక్కువ మంది ట్రాన్స్ అక్కలు. ఇంటర్ దాంక చదివినోళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ పాడ్‌కాస్ట్ నేను కూడ విన్న, రెండు ఎపిసోడ్లు. ఇంగ్లీష్ నాకు అర్థమైతది. కానీ వాళ్లు ఏ పాట గురించి నవ్వుతున్నరో, ఏ సీరియల్ల ఎవరు ఎవర్ని ఏమన్నరో తెల్వకపోతే అండ్ల మిగిలేదేంది? నవ్వు వినవడుతది, నవ్వు రాదు. పక్కింట్ల పెండ్లి అయితుంటె గోడ ఇవుతల నిలబడి బ్యాండు విన్నట్టుంటది.

ఇంకో మాట. మన ఊర్ల నిజాం కాలం నాటి చట్టం ఒకటుండె, 1919ది. హిజ్రాల పేర్లన్ని రిజిస్టర్ల రాసి పెట్టాలె, ఆడ బట్టలేసుకొని బజార్ల ఆడినా పాడినా వారెంట్ లేకుండ పట్టుకపోవచ్చు అని. మన హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడు? 2023 జులైల. ఆసరా పింఛను వీళ్లకు గూడ ఇయ్యాలని అదే తీర్పుల చెప్పింది. అంటే మొన్న మొన్నటి దాంక పాట పాడుడే నేరం ఈడ. అసొంటి ఊర్ల కూసొని, పాప్ పాటల మీద అమెరికా పిలగాండ్ల ముచ్చట్లు 'మనవి' అని ఎట్ల అంటవ్? వాళ్లకేం కష్టం? ముందు తెలుగుల మాట్లాడేటోళ్లు కావాలె. అందరికి ఇదే వినుండ్రి అని చెప్పకు. నీకు నచ్చింది, నువ్వు విను.

మసాబ్‌ట్యాంక్:

నాది వేరే గొడవ. భాష సంగతి పక్కన పెట్టండి. ప్రతిసారీ ఇద్దరు మగవాళ్ల స్నేహమే ఎందుకు 'క్వీర్ కబుర్లు' అవుతుంది? ఆ పాడ్‌కాస్ట్‌లో పొగిడేది ఎక్కువగా ఆడవాళ్లనే, నిజమే. గాయనులు, హీరోయిన్లు, రియాలిటీ షోలలో గొడవపడే గృహిణులు. కానీ ఆడవాళ్లని ఆరాధించడం వేరు, ఆడదానిగా ఇంకో ఆడదాన్ని ప్రేమించి బతకడం వేరు. ఇరవై ఆరు దాటగానే ఇంట్లో సంబంధాలు మొదలవుతాయి. నా స్నేహితురాలు నా ఫ్లాట్‌మేట్‌గానే అందరికీ పరిచయం. ఆ బతుకు వాసన అక్కడ నాకు తగల్లేదు.

నన్నడిగితే 'హ్యాండ్‌సమ్' వినమంటాను. టిగ్ నొటారో, ఫార్చూన్ ఫైమ్‌స్టర్, మే మార్టిన్ అనే ముగ్గురు కమెడియన్లు కలిసి 2023లో మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్. అదీ స్నేహితులదే, అదీ అమెరికా నుంచే. కాకపోతే తెలిసినవాళ్లు ఎవరో ఒక ప్రశ్న పంపిస్తారు, దాని చుట్టూ మాట్లాడుకుంటారు. పాటలు తెలియాల్సిన పని లేదు. టిగ్ గొంతు నిదానంగా ఉంటుంది, నాకు రాత్రి పూట మనసు కుదుటపడుతుంది.

16ఏ బస్సు:

వాదన మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇవి వినడానికి డబ్బు కట్టాలా? ఇంట్లో అమ్మానాన్నా ఉంటారు, స్పీకర్‌లో పెట్టుకోవచ్చా?

అమీర్‌పేట్ ఇంటర్‌చేంజ్:

కట్టక్కర్లేదు తమ్ముడూ. స్పాటిఫైలో, యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో ఉచితమే, యాడ్స్ వస్తాయి. స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, బూతులు బాగానే ఉంటాయి. మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా మొదలుపెట్టకు. నీకు తెలిసిన నటి ఎవరైనా అతిథిగా వచ్చినది వెతుక్కో. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ వెళ్లొచ్చు.

మసాబ్‌ట్యాంక్ అక్కా, 'హ్యాండ్‌సమ్' విషయంలో నీ మాట న్యాయం. ఇవాళే వింటాను.

బాలానగర్ లేత్:

ఉప్పల్ అన్న చెప్పినదాన్లో తప్పేమీ లేదు. కానీ "వాళ్లకేం కష్టం" అన్న చోట నేను ఆగిపోయాను.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మా మామయ్య నా ఫోన్ చూశాడు. వారంలోపు ఒక ఆసుపత్రిలో డాక్టర్ ముందు కూర్చోబెట్టారు. ఆయన నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే మా నాన్నతో, "ఆరు నెలలు మందులు వాడండి, తర్వాత పెళ్లి చేస్తే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ బిళ్లలు వేసుకుంటే పొద్దున పది దాకా కళ్లు తెరుచుకునేవి కావు. కాలేజీలో ఆ సెమిస్టర్ పోయింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని చెప్పింది. మద్రాస్ హైకోర్టులో కేసు నడిచాక, 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా ఇలా 'మార్చే' వైద్యం చేయడం డాక్టర్ వృత్తికి తప్పు అని ప్రకటించింది. నా సంగతి అంతకు ముందుది.

బోవెన్ యాంగ్‌కి పదిహేడేళ్లప్పుడు తల్లిదండ్రులు అతని చాట్ చూసి ఇలాగే ఒక థెరపిస్ట్ దగ్గరికి పంపారు. 2020లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. చైనా నుంచి వెళ్లిన కుటుంబం, చదువు చదువు అనే ఇల్లు. అది చదివాక పాడ్‌కాస్ట్ మళ్లీ విన్నాను. ఆ నవ్వు అప్పుడు వేరేగా వినిపించింది. వాళ్లు కష్టం తెలియక నవ్వడం లేదు. నా మీద ఎవరూ జాలి పడకుండా, నాకు సలహా ఇవ్వకుండా, గంటసేపు నా చెవిలో నవ్వినవాడు నాలాగే ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాడు. మెషిన్ ఆఫ్ చేశాక రోజూ అరగంట వింటాను. సగం పాటలు నాకూ తెలియవు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఉప్పల్ డిపో:

తమ్మీ, నీ సంగతి నాకు తెల్వది. 'వాళ్లకేం కష్టం' అనే మాట ఎనుకకు తీస్కుంటున్న. భాష సంగతి మాత్రం తీస్కోను.

అమీర్‌పేట్ ఇంటర్‌చేంజ్:

అన్నా, భాష గురించే చెప్పాలని ఇంత సేపు ఆగాను.

ఆ పాడ్‌కాస్ట్ చివర్లో ఒక ఆట ఉంటుంది. 'ఐ డోంట్ థింక్ సో, హనీ' అని పేరు. ఎవరికి వాళ్లు తమకి ఒళ్లు మండే విషయం ఒకటి ఎంచుకుని సరిగ్గా ఒక్క నిమిషం తిట్టాలి. పెద్ద విషయమైనా సరే, హోటల్‌లో ఇచ్చే పేపర్ గ్లాసైనా సరే. పక్కవాడు గడియారం చూస్తూ "ముప్పై సెకన్లు, పదిహేను" అని అరుస్తుంటాడు.

నా స్నేహితుడు ఒకడున్నాడు. ఎస్సార్ నగర్ హాస్టల్లో జావా కోచింగ్ రోజుల నుంచి, పదిహేడేళ్లుగా. పది మంది ఉంటే వాడు మాట్లాడడు. పోయిన వేసవిలో కరెంట్ పోయిన ఒక రాత్రి మూసాపేటలో వాడి డాబా మీద ఈ ఆట ఆడాం, తెలుగులో. ముందు పేరు కుదర్లేదు. 'నాకలా అనిపించట్లేదు ప్రియా' అంటే డబ్బింగ్ సీరియల్‌లా ఉంది. చివరికి వాడే అన్నాడు: "అస్సలు కుదరదు, బంగారం!" మా నాయనమ్మ సరిగ్గా అదే గొంతుతో కూరగాయల బండివాడితో అనేది.

నేను టైమర్ పెట్టాను. వాడు నీళ్ల ట్యాంకు మెట్టు మీద నిలబడ్డాడు. విషయం ఏమిటంటే, మన సినిమాల్లో 'తేడా' క్యారెక్టర్ రాగానే వెనక వాయించే మ్యూజిక్. "అస్సలు కుదరదు, బంగారం! వాడు గుమ్మంలోకి అడుగు పెట్టాడంతే, ఇంకా నోరు కూడా తెరవలేదు, అప్పుడే ఆ సన్నాయి ఎందుకు? హీరో వస్తే డప్పులు, విలన్ వస్తే ఉరుములు, నేనొస్తే సన్నాయి సాగదీస్తావా? ఇంటర్‌లో నేను క్లాసులోకి వస్తుంటే వెనక బెంచీ వాళ్లు నోటితో అదే వాయించేవాళ్లురా! రెండేళ్లు! రోజూ!" నేను నవ్వి నవ్వి పిట్టగోడ పట్టుకున్నాను. "పదిహేను సెకన్లు" అని అరిచాను. వాడు ఆగిపోయాడు. ఎండేసిన దుప్పటి వైపు చూస్తూ నిలబడ్డాడు, టైమర్ మోగేదాకా. తర్వాత "ఇంకో నిమిషం పెట్టు" అన్నాడు. ఆ రాత్రి పదకొండు నిమిషాలు పెట్టాను.

పదిహేడేళ్లలో ఆ సన్నాయి సంగతి నాకెప్పుడూ చెప్పలేదు వాడు. కోపంగా ఉండొచ్చు, అదే సమయంలో నవ్వించొచ్చు, అది తిరిగి ఏడుపులోకి వెళ్లినా ఫర్వాలేదు, పక్కన స్నేహితుడు గడియారం చూస్తుంటాడు. ఈ పద్ధతి మాకు చూపించింది ఆ ఇద్దరే. అన్నా, మన ఊళ్లో ధైర్యం లేదని నేను అనడం లేదు. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసులో మొదటి పేరు మన హైదరాబాద్ జంటదే. 2023 అక్టోబర్‌లో తీర్పు వ్యతిరేకంగా వచ్చినా సరే. 2013 నుంచి ఇక్కడ మనవాళ్ల ప్రైడ్ ఊరేగింపు నడుస్తోంది. పోరాటం ఎలా చేయాలో మనకి వచ్చు. కబుర్లు చెప్పుకోవడం మాత్రం నలుగురి మధ్య, తలుపులు వేసుకునే చేశాం. అది మైకు ముందు చేయొచ్చని వాళ్ల దగ్గర చూశాను. అందుకే వినమంటున్నాను.

మసాబ్‌ట్యాంక్:

'బంగారం' బాగుంది కానీ, నేనైతే 'అస్సలు కుదరదు తల్లీ' అంటాను. నా మొదటి నిమిషం ఇప్పుడే తయారు: "మీ ఫ్లాట్‌మేట్‌కి కూడా సంబంధాలు చూస్తున్నారా" అని లిఫ్టులో అడిగే మూడో అంతస్తు ఆంటీ.

బాలానగర్ లేత్:

నాకు ఒక్క నిమిషం చాలదు. ఆ డాక్టర్‌కి మూడు కావాలి.

ఉప్పల్ డిపో:

అన్నా, ఆ పాడ్‌కాస్ట్ ఇంటే మంచిదని నేను మా అక్కలకు చెప్ప. ఇప్పటికీ చెప్ప. వాళ్లకు అది పరాయిదే.

కానీ ఈ ఆట వేరే. మా దగ్గర ఒకామె ఉంది, యాభై దాటినయ్. సిగ్నల్ కాడ కార్ల అద్దం ఎక్కించుకునేటోళ్లని తిట్టుడు మొదలువెడితే పక్కనున్నోళ్లు కడుపు పట్టుకొని కింద వడ్తరు. ఆమెకు నిమిషం అని చెప్తే ఊకుంటదా తెల్వదు. వచ్చే ఆదివారం నాలుగింటికి రా. నీ దోస్తును గూడ తీస్కరా. రికార్డు చెయ్యాలంటే మాత్రం ముందుగాల ఆమెను అడుగాలె, ఆమె సరే అంటేనే.

అమీర్‌పేట్ ఇంటర్‌చేంజ్:

వస్తాం అన్నా. ఫోన్ జేబులోనే ఉంచుతాను. టైమర్ కోసం వంటింట్లో ఉండే గంట గడియారం తెస్తాను.