సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం బలం వారంలోనే ఎందుకు తగ్గుతోంది?

నమస్కారం. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కర్మాగారం నాణ్యతా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాను.

మరిగించి చల్లార్చిన నీటితో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ తయారుచేసి, 120 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టిన ప్రమాణ పదార్థం పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌ను సుమారు 0.51 గ్రాములు తూచి, ఫినాఫ్తలీన్ సూచికగా ప్రామాణీకరిస్తే (అంటే అసలు గాఢతను కొలిస్తే) సోమవారం 0.1003 వస్తోంది, అదే సీసా శనివారానికి 0.0988 చూపిస్తోంది. ప్రతిసారీ తీసే మూడు రీడింగులూ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతున్నాయి కనుక తూకంలోనో బ్యూరెట్‌లోనో తప్పుందని అనుకోలేకపోతున్నాను. పైగా చివర వచ్చే లేత గులాబీ రంగు అర నిమిషమైనా నిలవడం లేదు.

సీసా ప్లాస్టిక్‌దే అయినా రోజుకు పదిసార్లు మూత తీస్తాం కాబట్టి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కొంత కార్బొనేట్‌గా మారుతోందని నా అనుమానం. రోజూ ప్రామాణీకరించుకోమని సీనియర్లు అంటున్నారు గానీ, కారణం తెలియకుండా అంకె మార్చుకుంటూ పోవడం నాకు రుచించడం లేదు.

సీసాకు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే సోడా లైమ్ గొట్టం అమర్చితే సరిపోతుందా, లేక కార్బొనేట్ కరగకుండా అడుగుకు చేరే 50 శాతం గాఢ ద్రావణం నుంచి పైతేటను తీసి పలుచన చేసుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.