కాంట్రాస్ట్ ఇచ్చాక కళ్ళు తిరిగి పడిపోతే అలర్జీ అనేనా?

సందేహాలపుట్ట:
అమ్మకి ఈమధ్య పొట్ట సీటీ తీశారండి. కాంట్రాస్ట్ (స్కాన్‌లో లోపలి భాగాలు బాగా కనబడ్డానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కిస్తుంటే ఒళ్ళంతా వేడెక్కింది, నోట్లో చిలుము రుచి వచ్చింది అంది, అది మామూలేనట. స్కాన్ అయ్యాక నన్ను లోపలికి పిలిచారు, టేబుల్ దిగి నిలబడిందో లేదో మొహం పాలిపోయి చెమటలు పట్టేసి నా మీదకి ఒరిగిపోయింది. మళ్ళీ పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టి సెలైన్ ఎక్కిస్తే కాసేపటికే తేరుకుంది. దద్దుర్లు, ఆయాసం ఏం లేవు. ఫైల్ మీద మాత్రం ఎర్ర పెన్నుతో "కాంట్రాస్ట్ అలర్జీ" అని రాసి పడేశారు. ఇంకో స్కాన్ ఉంది, ఎలా?

చిన్నారిఅమ్మ:
మా నాన్నకి ఒళ్ళంతా దద్దుర్లు వస్తే తర్వాతి స్కాన్‌కి 13 గంటల ముందు, 7 గంటల ముందు, గంట ముందు స్టెరాయిడ్ మాత్రలు వేశారు, ఏం కాలేదు. మీరూ అడగండి. అన్నట్టు చేపలు, రొయ్యలు పడకపోతే ఇదీ పడదంటారుగా?

ఎక్స్‌రేబాబు:
సీటీలోనే పని నాది. రొయ్యల సంగతి ఉత్తిదేనండి, వాటి అలర్జీ అందులోని ప్రోటీన్ వల్ల, కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్‌తో దానికి సంబంధం లేదు.

పుట్ట గారూ, ఆ టైములో పల్స్ ఎంతుందో కనుక్కోండి ముందు. బీపీ రెండిట్లోనూ పడిపోతుంది, కానీ భయానికో సూది నొప్పికో కళ్ళు తిరిగి పడిపోయే వేసోవేగల్ అయితే నాడి నెమ్మదిస్తుంది, అసలు అలర్జీ రియాక్షన్ అయితే గుండె దడదడలాడుతుంది, తోడు దద్దుర్లో గొంతు బిగుసుకోవడమో పిల్లికూతలో చాలాసార్లు ఉంటాయి. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి మాత్రం అలర్జీలోనూ పల్స్ పెరగకపోవచ్చు, అమ్మగారు వాడుతుంటే అదీ చెప్పండి. మందులు కూడా వేరు, వేసోవేగల్‌కి కాళ్ళెత్తడం, సెలైన్, అవసరమైతే నాడి పెంచే అట్రోపిన్, అనాఫిలాక్సిస్‌కి (ప్రాణం మీదకొచ్చే అలర్జీకి) తొడకి అడ్రినలిన్ సూది.

సందేహాలపుట్ట:
రికార్డ్ అడిగి చూశానండి, పల్స్ 46, బీపీ 80/50 అని ఉంది. బీటా బ్లాకర్ వాడట్లేదు. అయితే స్టెరాయిడ్స్ వద్దా? అమ్మకి షుగర్ కూడా ఉంది.

ఎక్స్‌రేబాబు:
మీరు చెప్పేదాన్నిబట్టి వేసోవేగల్‌లాగే ఉంది, కానీ తేల్చాల్సింది రేడియాలజిస్ట్. ఆ మాత్రలు అలర్జీ రియాక్షన్లకేగానీ దీనికి పనిచెయ్యవు, పైగా షుగర్ పెంచుతాయి. ఆ రికార్డ్ చూపించి ఎర్ర అక్షరాలు సరిచేయించండి, లేకపోతే రేపు ఎమర్జెన్సీలో కాంట్రాస్ట్ లేకుండా స్కాన్ తీసేస్తారు, దొరకాల్సింది దొరక్కుండా పోతుంది (మా దగ్గర ఈ లేబుల్ తలనొప్పి ఇంతాఅంతా కాదు). ఈసారి కాన్యులా (నరంలోకి మందెక్కించే సన్న గొట్టం) పెట్టకముందే విషయం చెప్పండి, సూది కూడా పడుకోబెట్టే వేస్తారు. అయ్యాక ముందు కూర్చోబెట్టి, మెల్లగా దింపమనండి, ఓ అరగంట కాన్యులా తియ్యకుండా అక్కడే ఉంచమనండి, పెద్ద రియాక్షన్లు చాలామటుకు ఆలోపే వస్తాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే, కిడ్నీ రిపోర్ట్ పట్టుకెళ్ళండి.