వాసాలు, దంతెలు, చౌడు

‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ మీద చర్చ నడుస్తుండగా కొందరు మిత్రులు పాత ఇళ్లను ‘కాలగర్భంలో కలిసిపోయిన మహా విజ్ఞానం’ అంటూ చమత్కరించారు. పెంకుటిల్లు గ్రహాంతరవాసుల పనే అన్న వ్యాఖ్యకు నేనూ హాయిగా నవ్వుకున్నాను. కానీ వాసాన్ని ఎన్నడూ చూడని తరం కూడా ఆ జాతీయాన్ని వాడుతోంది కాబట్టి దీని గురించి కొంత చెప్పాలనిపించింది.

వాసం అంటే నడికొప్పు (ఇంటి కప్పు నడుమ అన్నిటికన్నా ఎత్తైన చోటు) నుంచి గోడల మీదికి ఏటవాలుగా దిగే కర్ర. పెంకుటింట్లో దాని కింద మరో కప్పు ఉండదు, వెల్లకిలా పడుకుంటే వాసాలన్నీ కనిపిస్తాయి. అన్నం పెట్టిన ఇంట్లోనే పడుకుని, ఆ ఇంటి మీదే కన్నువేసినవాడి బొమ్మ అది. స్లాబు కింద ఈ జాతీయం పుట్టేది కాదు.

రాయలసీమ మిద్దెది వేరే లెక్క. దూలాల మీద అడ్డంగా దంతెలనే చిన్న కర్రలు, ఆపైన కట్టెలో బండలో పరిచి మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడు మట్టిలో సోడియం ఎక్కువ. తడిస్తే దానిలోని సన్నని రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. పొలానికి చేటు చేసే ఆ గుణమే ఇంటికి రక్ష అయింది. పైరు పండని మట్టిని ఏరి తెచ్చి నెత్తి మీద కప్పుకున్న ఆ తెలివికి చేతులెత్తి మొక్కాలి! అయితే వానలకు ముందు చౌడు మళ్లీ తెచ్చి పోసుకుంటూ ఉండాలి. జనం విడిచిపెట్టింది ఆ చాకిరీని. అందులో రహస్యమేమీ లేదు.

గానుగలో ఇసుకతో కలిపి నూరిన గానుగ సున్నం సంగతీ అంతే. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడే ఆ సున్నాన్ని హైదరాబాదు కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో మన కాలంలోనే వాడారు. పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల నోట ఉన్న మాటలే మన రాతల్లోకి రావడం లేదు, నా బాధ అదే.

పూరింటి కప్పును మోసే నిట్టాడు, మిద్దె దంతె, గుండ్రంగా కట్టే చుట్టింటి కప్పులోని కర్రలు: వీటిని మీ వైపు ఏమంటారు? ఇంట్లో పెద్దలను, ఊళ్లో వడ్రంగులను అడిగి, వాళ్లు పలికినట్టే ఇక్కడ రాయండి.